మంగ్లూటాన్‌లో ఖూన్‌ఫల్ కోత

పోర్ట్‌బ్లెయిర్‌లో ఏప్రిల్ నెల మోహన్‌పురా బజారులో మొదలవుతుంది. బస్టాండు దగ్గర గోనెపట్టాలు పరుచుకుని కూర్చునే ఆడవాళ్ళ ముందు, అంతకుముందు దాకా దోసకాయలూ పచ్చి అరటికాయలూ ఉన్నచోట, ముదురు ఎరుపు కాయలు కుప్పలుగా వెలుస్తాయి. ఒక్కో కాయ చిన్న నిమ్మకాయంత, కాస్త కోలగా ఉంటుంది. పైన పలచటి తోలు, లోపల ఒకటే పెద్ద గింజ, దాని చుట్టూ గుజ్జు. ఆ గుజ్జు రంగు చూస్తే కొత్తవాళ్ళు ఒక అడుగు వెనక్కి వేస్తారు. అదే ఖూన్‌ఫల్. ఇంట్లో తెలుగు మాట్లాడినా బెంగాలీ మాట్లాడినా నికోబారీ మాట్లాడినా బజారుకొస్తే అందరం దాన్ని ఆ పేరుతోనే అడుగుతాం.

పండింది తింటే తీపిలో పులుపు. పండనిది కొరికితే వగరుకి నాలుక మొద్దుబారిపోతుంది. ఏది తిన్నా రంగు మాత్రం తప్పదు. చిన్నప్పుడు బడికెళ్ళే దారిలో కొనుక్కుని తినేవాళ్ళం. తరగతిలోకి వెళ్ళేసరికి పెదాలు, పళ్ళు, వేళ్ళు, తెల్ల చొక్కా కాలరు అన్నీ ఎర్రగా ఉండేవి. సాయంత్రం అమ్మ గుమ్మంలోనే పట్టుకునేది. "ఒలే, ఆ నోరేటే? ఆ సొక్కా ఏటే? సబ్బంతా నీకే సరిపోతంది గదే" అని బావి దగ్గరికి ఈడ్చుకెళ్ళేది. ఆ మరక సబ్బుకి పోయేది కాదు. ఎండకీ ఉతుకుడికీ నెమ్మదిగా ఊదారంగుకి తిరిగి, యూనిఫాం చిరిగే దాకా అక్కడే ఉండేది.

మాది జంగ్లీఘాట్. మా తాత శ్రీకాకుళం తీరం నుంచి వేటకొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మా వీధిలో చాలా ఇళ్ళ కథ ఇదే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో ఉన్నది 3,80,581 మంది, వాళ్ళలో నూటికి పదమూడు మందికి పైగా తెలుగు మాతృభాష అయినవాళ్ళే. ఇంతమందిమి ఉన్నా, ఉత్తరాంధ్ర తీరం నుంచి వచ్చిన మాలాంటి వాళ్ళకి తెలిసింది సముద్రమే. ఏ చేప ఏ నెలలో గట్టుకొస్తుందో మా ఇంట్లో పిల్లలు కూడా చెప్పగలరు. అడవి సంగతి అడిగితే పెద్దవాళ్ళు కూడా మొహం తిప్పేసుకుంటారు. పండు అంటే మాకు బజారులో కుప్పే. అది ఏ చెట్టుకి కాస్తుందో, ఎవరు ఎలా కోస్తారో నేనూ ఎప్పుడూ అడిగి ఎరగను.

2019 ఏప్రిల్లో మా ఇంట పెళ్ళికి న్యూజెర్సీ నుంచి అప్ప వచ్చింది. పెదనాన్న కూతురు, నాకు పెద్దది. వెంట కొడుకును తీసుకొచ్చింది. వాడికి పదేళ్ళుంటాయి. తెలుగు బాగానే మాట్లాడతాడు గానీ ప్రశ్నలు మాత్రం అమెరికావి. పెళ్ళి హడావుడి తీరాక ఒకరోజు బజారులో ఖూన్‌ఫల్ కుప్ప ముందు నిలబడి, "పిన్నీ, ఇవి పికింగ్‌కి ఎక్కడికి వెళ్తారు?" అన్నాడు.

పికింగ్ అంటే ఏమిటో అప్ప చెప్పింది. జూన్ చివర నుంచి జూలై దాకా వాళ్ళ వైపు బ్లూబెర్రీ తోటలు గేట్లు తీస్తాయి. బకెట్టు ఇస్తారు. వరసల్లో పొదలుంటాయి, మోకాలెత్తు నుంచి మనిషెత్తు వరకు. పిల్లా పెద్దా పడి కోసుకుంటారు. బయటికొచ్చేటప్పుడు బకెట్టు తూకం వేసి పౌనుకింత అని కట్టించుకుంటారు. లోపల తిన్నదానికి లెక్క లేదు. హామంటన్ అనే ఊరు తనను తాను ప్రపంచ బ్లూబెర్రీ రాజధాని అని చెప్పుకుంటుందట. శనాదివారాల్లో అక్కడి తోటల్లో తెలుగు ఎంత వినిపిస్తుందంటే, అవతలి వరసలో ఉన్నవాళ్ళ ఊరేదో మాట తీరునుబట్టి చెప్పేయొచ్చంటుంది అప్ప. ఇప్పుడు మన దగ్గరా ఆ ముచ్చట మొదలైంది. చలికాలంలో లంబసింగి వెళ్ళినవాళ్ళు మంచులో స్ట్రాబెర్రీ తోటల్లో దిగిన ఫొటోలు నాకూ వస్తుంటాయి.

మా దీవుల్లో అలాంటి గేటూ బకెట్టూ లేవు. కానీ మా నాన్నతో మెరైన్ డాక్‌యార్డులో పనిచేసిన ఒక బెంగాలీ కాకా ఉన్నాడు. మంగ్లూటాన్ వైపు అతనికి గుట్టా పొలమూ ఉన్నాయి. సీజన్లో ఎప్పుడూ నాన్నకు ఒక సంచి ఖూన్‌ఫల్ పంపేవాడు. ఫోన్ చేసి సంగతి చెబితే నవ్వి, "రండి, మీ చేత్తో మీరే కోసుకోండి. ఎండ ఎక్కకముందే రావాలి" అన్నాడు.

ఎండ ఎక్కకముందు అంటే మా దగ్గర ఎంత పొద్దున్నో బయటివాళ్ళకు తెలీదు. దేశం మొత్తానికి గడియారం నడిపే రేఖ 82.5 డిగ్రీల దగ్గర, కాకినాడకు చేరువగా పోతుంది. మేం దానికి పది డిగ్రీలు తూర్పున ఉన్నాం. ఏప్రిల్లో అయిదు దాటిన కాసేపటికే సూర్యుడు నెత్తిమీదికి బయలుదేరతాడు. సాయంత్రం అయిదున్నరకు దీపాలు పెట్టేస్తాం. చీకటుండగానే ఇంట్లోంచి దిగి, డాలీగంజ్, గారాచర్మా మీదుగా వండూర్ వెళ్ళే రోడ్డు పట్టుకున్నాం. వండూర్ అన్న పేరు కూడా ఇక్కడిది కాదు. 1921 మోప్లా తిరుగుబాటు తర్వాత మలబారు నుంచి తెచ్చిన ఖైదీలు తమ ఊళ్ళ పేర్లు పెట్టుకున్నారు. మంజేరి, కాలికట్, తిరూర్ అన్నీ అలా వచ్చినవే. ఈ దీవుల్లో మనుషులకే కాదు, ఊళ్ళక్కూడా అవతలి ఒడ్డున ఒక సొంతూరు ఉంటుంది.

కాకా వాళ్ళ నాన్న 1950ల్లో తూర్పు బెంగాల్ శరణార్థిగా కలకత్తాలో ఓడెక్కి వచ్చాడు. సర్కారు అడవి కొట్టించి భూమి ఇచ్చింది. పల్లంలో వరి, గుట్ట మీద కొబ్బరి, పోక. మేం వెళ్ళేసరికి పల్లంలో వరి మోళ్ళే మిగిలి ఉన్నాయి, వాటి మధ్య రెండు ఆవులు. కాకా భార్య కాకీమా గుమ్మంలోనే టీ ఇచ్చింది. గుట్ట ఎక్కుతుంటే పోకచెట్ల మీద మిరియం తీగలు, పనసలు, మధ్యమధ్య దాల్చినచెక్క మొక్కలు కనిపించాయి. వాటిని దాటి వాగు గట్టున, కొట్టకుండా వదిలేసిన పెద్ద చెట్ల నీడలోకి వెళ్ళి కాకా ఆగాడు.

పిల్లాడు అటూ ఇటూ చూశాడు. వాడు పొదల వరసలు ఉంటాయనుకుంటున్నాడు. "చెట్టేది తాతా?" అన్నాడు.

కాకా తాను ఆనుకుని నిలబడ్డ దాన్ని అరచేత్తో తట్టాడు. హార్బరులో ఓడ కట్టే మోకులా ఉంది అది. గోధుమరంగు, చెయ్యి మందం, మెలికలు తిరిగి పక్క చెట్టు మీదికి పాకి ఎక్కడో పైన ఆకుల్లో కలిసిపోయింది. కింద ఒక్క ఆకు లేదు. ఖూన్‌ఫల్‌కి చెట్టు లేదు, అది తీగ. మన తిప్పతీగ, దూసరతీగ ఉన్న కుటుంబంలోదే. పండ్లు కొమ్మల చివర కాకుండా ఆ ముదురు కాండం మీదే కాస్తాయి. బెరడులోంచి పొట్టి గుత్తి పొడుచుకొచ్చి, దానికి కొన్ని పచ్చివి, కొన్ని దోరవి, కొన్ని నల్లబడేంత ఎర్రవి వేలాడుతున్నాయి. మోకాలెత్తులో ఒక గుత్తి, తల మీద ఇంకొకటి, పైకి చూస్తే చెట్టు నడుముదాకా అవే. చిన్నప్పటి నుంచి తింటున్న పండును కాసినచోట చూడడం నాకు అదే మొదటిసారి. మా అప్ప అమెరికా నుంచి వచ్చినా, నేను జంగ్లీఘాట్ నుంచి వచ్చినా ఆ తీగ ముందు ఇద్దరం ఒకటే.

కోయడం ఎలాగో కాకా చూపించాడు. ఎడమచేత్తో గుత్తి మొదలు పట్టుకోవాలి. కుడిచేత్తో పండిన కాయనొక్కదాన్నే తీసుకుని తొడిమ దగ్గర మెలి తిప్పాలి. పండింది అయితే చిన్న చప్పుడుతో చేతిలోకి వచ్చేస్తుంది. రాకపోతే వదిలెయ్యాలి, ఇంకో వారానికి వస్తుంది. గుత్తిని పట్టి లాగకూడదు. లాగితే బెరడు లేచిపోతుంది, బెరడు లేచినచోట మళ్ళీ ఏడు పూత రాదు అని అతని అనుభవం. పాత గాయాలు చూపించాడు కూడా. ఎప్పుడో ఎవరో లాగినచోట బెరడు నల్లగా గట్టిపడి, దాని చుట్టుపక్కల జానెడు మేర కాపు లేదు.

పై గుత్తుల కోసం వెదురు గడ ఉంది. చివర చీల్చి, అందులో చిన్న పుల్ల అడ్డం పెట్టారు. ఆ చీలికలో తొడిమ ఇరికించి గడను తిప్పాలి. చెప్పినంత సులువు కాదు. మెడ వెనక్కి వాల్చి చూస్తుంటే చెమట కళ్ళలోకి కారుతుంది, పైనుంచి చీమలు మెడలోకి దిగుతాయి. అప్ప మూడో కాయకే గడ నాకిచ్చేసి కింది గుత్తుల దగ్గర చతికిలబడింది. పిల్లాడు మాత్రం వదల్లేదు. వాడికి పండిన కాయ రంగు రెండు నిమిషాల్లో పట్టుబడింది. తీగకు ఎండ తగిలేవైపు ఎరుపు ముందు వస్తుందనీ, అవతలివైపు చూస్తే అదే కాయ ఇంకా దోరగా ఉంటుందనీ వాడే కనిపెట్టి మాకు చెప్పాడు. తిప్పి చూడకుండా కోయొద్దని నాకు ఆజ్ఞ కూడా వేశాడు.

"తినొచ్చా?" అని అడిగాడు కాసేపటికి. "తిన్నదానికి లెక్క లేదు, మోసుకెళ్ళేదానికే లెక్క" అన్నాడు కాకా. ఏడు సముద్రాల అవతల హామంటన్‌లో ఉన్న నియమమే మంగ్లూటాన్‌లోనూ ఉందని అప్ప పకపకా నవ్వింది. లెక్క ఏమిటంటే, కోసినదాంట్లో సగం మాకు, సగం కాకీమా బజారు గంపలోకి. డబ్బు పుచ్చుకోనన్నాడు.

కోస్తూ కోస్తూ నేనే అడిగాను, ఇంత నిదానంగా కోస్తే బజారులో అన్నేసి కుప్పలు ఎక్కణ్ణుంచి వస్తాయని. కాకా కాసేపు మాట్లాడలేదు. తర్వాత మా దీవుల హిందీలో మెల్లగా చెప్పుకొచ్చాడు. ఎక్కువ సరుకు అడవిలోంచే వస్తుంది. అడవిలో తీగ ఎనభై అడుగుల చెట్టు మీదికి పోతుంది. అంత ఎత్తెక్కి ఒక్కో కాయ తిప్పి చూసేవాడెవడు? కత్తి తీసి తీగను మొదట్లో నరికేస్తారు. నాలుగు రోజులకు తీగ వాడుతుంది, లాగితే కిందికి జారుతుంది, కాయంతా ఒక్కసారే చేతికొస్తుంది. ఆ ఏటికి బాగానే ఉంటుంది. కానీ అంత లావు తీగ కావడానికి ఎన్నేళ్ళు పడుతుందో నరికినవాడు చూడడు. పైగా ఈ తీగలో ఆడ, మగ వేరు వేరు. కాసేది ఆడతీగే. అంటే నరుకుడు పడేది ఎప్పుడూ ఆడతీగ మీదే. కాయనిదాని జోలికి ఎవరూ పోరు.

గింజ నాటితే మొలవదా అంది అప్ప. మొలుస్తుంది గానీ పచ్చిగా ఉండగానే నాటాలి, మన పప్పుగింజల్లా ఎండబెట్టి డబ్బాలో దాచుకుంటామంటే కుదరదు అన్నాడు. నాటాక అది ఆడో మగో పూత వచ్చేదాకా తెలీదు. అతను నాటినవాటిలో కొన్ని మగవి తేలాయట. "ఉండనీ, అవి లేకపోతే ఇవి కాయవు కదా" అన్నాడు.

మేం పొద్దున్న దాటి వచ్చిన గారాచర్మాలోనే కేంద్ర ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థ ఉంది. 1978లో పెట్టింది. అక్కడి శాస్త్రవేత్తలు ఖూన్‌ఫల్ మీద చాలాకాలంగా పని చేస్తున్నారు. దీవుల్లో ఎక్కడెక్కడ ఏ రకం తీగలున్నాయి, పండులో ఏం పోషకాలున్నాయి, ఆ ఎరుపును బట్టలకీ తినుబండారాలకీ సహజమైన రంగుగా ఎలా తీయొచ్చు, మొక్కలు ఎలా పెంచొచ్చు అన్నవి వాళ్ళ పత్రాల్లో ఉన్నాయి. అడవి తీగను తోటలోకి తేవాలన్నది వాళ్ళ తాపత్రయం. మా అమ్మ సబ్బుతో ఓడిపోయిన మరక వాళ్ళకి పరిశోధనాంశం అయిందని తెలిసినప్పుడు నాకు భలే సంతోషమేసింది.

ఇది జరగని పనేం కాదు. అప్ప వాళ్ళు బకెట్లతో కోసుకునే బ్లూబెర్రీ కూడా నూరేళ్ళకు పైగా వెనక్కి వెళ్తే అడవిదే. న్యూజెర్సీలో వైట్స్‌బాగ్ అనేచోట ఎలిజబెత్ వైట్ అనే ఆవిడ ఉండేది. వాళ్ళది క్రాన్‌బెర్రీ పండించే కుటుంబం. ఫ్రెడరిక్ కోవిల్ అనే వృక్షశాస్త్రవేత్త బ్లూబెర్రీ మీద రాసింది 1911లో చదివి ఆయనకు ఉత్తరం రాసింది. తర్వాత చుట్టుపక్కల అడవుల్లో పళ్ళు ఏరుకునేవాళ్ళను పిలిచి, బెజ్జాలున్న కొలత పలక ఒకటి ఇచ్చి, పెద్ద పండు కాసే పొదను గుర్తుపెట్టి చూపిస్తే డబ్బిస్తానంది. పొద చూపించినవాడి పేరే ఆ పొదకు పెట్టింది. రూబ్ లీక్ అనేవాడు చూపించిన పొద నుంచి వచ్చిన రూబెల్ రకం ఈనాటికీ ఉంది. 1916లో తోట బ్లూబెర్రీ మొదటిసారి బజారుకెళ్ళింది. నాకు ఈ కథలో నచ్చింది ఆవిడ తెలివి కన్నా, అడవిలో తిరిగేవాడికి తెలిసినదానికి ఆవిడ ఇచ్చిన విలువ. పండు తెమ్మనలేదు, పొద ఎక్కడుందో చూపించమంది. అడవి పనులకని ఒకప్పుడు ఈ దీవులకు తెచ్చిన మా రాంచీవాళ్ళు, కరెన్‌లు ఎవరినైనా అడగండి, ఏ వాగు పక్కన ఏ తీగ తియ్యగా కాస్తుందో చెబుతారు. వాళ్ళకి కుప్పకింత అని ఇచ్చే బదులు తీగకింత అని ఇచ్చే రోజు రావాలి.

తొమ్మిదయ్యేసరికి గాలి ఆగిపోయి ఉక్కపోత మొదలైంది. కిందికి దిగుతూ కాకా తన కష్టాలు చూపించాడు. చుక్కల జింకలు. తెల్లవాళ్ళు వేటసరదాకి తెచ్చి వదిలినవి. వాటిని తినే పెద్ద జంతువేదీ ఈ దీవుల్లో లేదు, అందుకని పెరిగిపోయి మొక్క కనిపిస్తే మొదలంటా కొరికేస్తాయి. లేత ఖూన్‌ఫల్ మొక్కల చుట్టూ అతను వెదురు దడి కట్టాడు. ఇక పిడికిలంత ఆఫ్రికా నత్తలు. జపాను వాళ్ళ పాలనలో వచ్చాయని అందరూ చెప్పుకుంటారు. వానాకాలం రాత్రుళ్ళు టార్చిలైటు పట్టుకుని ఏరి ఉప్పునీళ్ళ బకెట్లో వేస్తాడట. వాగు దగ్గర ఖట్టాఫల్ చెట్టు ఒకటి ఉంది. అది కూడా మొద్దు మీదే గుత్తులు కాస్తుంది. ఇంకా పచ్చిగా ఉన్నాయి. మళ్ళీ రండి అన్నాడు.

ఇంటి దగ్గర కాకీమా పండ్లను కత్తితో చీల్చి, గింజ తీసి, ఉప్పూ ఎండుకారం పంచదారా కలిపి స్టీలు గిన్నెలో పెట్టింది. పుల్లగా తియ్యగా కారంగా ఒకేసారి నాలుకకి తగిలేసరికి అప్ప కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెయ్యి మాత్రం ఆగలేదు. పిల్లాడి నోరు చూస్తే వాడికి దెబ్బ తగిలిందేమోనని పక్కింటి ముసలావిడ పరిగెత్తుకొచ్చింది. వాడి తెల్ల టీషర్టు గురించి చెప్పక్కర్లేదు. అప్ప దాన్ని ఉతకనంది. అలాగే న్యూజెర్సీ తీసుకెళ్తానంది. ఈలోగా పడమటి కొండ మీద మబ్బు పట్టి ఒక్క జల్లు కురిసి వెలిసింది. అసలు వానలు మే మూడో వారం దాటాక గానీ రావు. వచ్చాయంటే ఖూన్‌ఫల్ సీజను అయిపోయినట్టే, తడికి పండు నిలవదు.

వచ్చేటప్పుడు కాకీమా మా బస్సులోనే గంపతో బజారుకి వచ్చింది. దారిలో ఆవిణ్ణి అడిగాను, కుప్పలో ఏది తీగ మీద కోసిందో ఏది నరికి తెచ్చిందో కొనేవాళ్ళకి ఎలా తెలుస్తుందని. ఆవిడ తన గంప మీది ఆకులు తొలగించి చూపించింది. అన్నీ ఒకటే రంగు, ముదురు ఎరుపు. "చేత్తో కోసినవాళ్ళు పండిందే తెస్తారు. కుప్పలో పచ్చివీ దోరవీ ఎర్రవీ అన్నీ కలిసి ఉన్నాయనుకో, తీగ కింద పడిందని అర్థం" అంది. మోహన్‌పురాలో దిగాక అక్కడున్న కుప్పల్ని ఆ కంటితో చూశాను. రెండు మూడు కుప్పలు తప్ప మిగతా అన్నిట్లో రంగులు కలిసే ఉన్నాయి.

ఇప్పుడు పోర్ట్‌బ్లెయిర్ పేరు శ్రీవిజయపురం అయింది. విశాఖ నుంచి ఓడలోనో, విమానంలోనో మన వాళ్ళు ఎండాకాలం సెలవులకు బాగానే వస్తున్నారు. సెల్యులార్ జైలు, హేవ్‌లాక్ చూసుకుని పోతారు. ఏప్రిల్లో వస్తే ఒక పూట బజారుకి కూడా వెళ్ళండి. ఖూన్‌ఫల్ కొనండి, పాత బట్టలు వేసుకుని తినండి. కొనేముందు కుప్పను ఒకసారి కలిపి చూడండి. అన్నీ ఒకే ఎరుపులో ఉన్న కుప్ప రెండు రూపాయలు ఎక్కువ చెప్పినా బేరమాడకుండా అదే తీసుకోండి.